ఇంటి మాట, బడి మాట: స్కాట్లండు సాహిత్య కథ

ఆంగ్ల సాహిత్యమనగానే మన విద్యార్థులకు షేక్స్పియరు, మిల్టను, వర్డ్స్‌వర్తు స్మరణకు వస్తారు. ఆ వరుసలోనే రాబర్ట్ బర్న్సును, సర్ వాల్టర్ స్కాటును, 'ట్రెజర్ ఐలండు' వ్రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సనును కూడ చేర్చి చదువుకొంటాము. ఈ ముగ్గురూ ఇంగ్లండు దేశీయులు కారన్న సంగతి చాలమందికి పాఠం ముగిసినా తట్టదు. ఇంగ్లండుకు ఉత్తరాన కొండలతో, సరస్సులతో, వందలాది దీవులతో నిండిన స్కాట్లండు వారి జన్మభూమి. ఆ దేశానికి తనదైన చరిత్ర, తనదైన న్యాయశాస్త్రం, తనదైన విద్యావిధానం ఉన్నవి. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనసంఖ్య సుమారు 54 లక్షలు. ఇంత చిన్న దేశం మూడు భాషలలో సాహిత్యాన్ని సృష్టించుకొన్నది.

ఆ మూడింటిలో మొదటిది గేలిక్. ఐర్లండు నుండి వచ్చిన కెల్టిక్ కుటుంబపు భాష ఇది. ఉత్తర పశ్చిమాల కొండసీమలలోను, దీవులలోను చిరకాలం వాడుకలో ఉన్నది. రెండవది స్కాట్స్. దక్షిణాన, తూర్పున ఉన్న పల్లపు నేలల ప్రజల భాష. ప్రాచీన ఆంగ్లం నుండి పుట్టి, ఇంగ్లీషుకు తోబుట్టువుగా పెరిగినది. మూడవది ఇంగ్లీషు. కాలక్రమాన అధికారం, మతగ్రంథం, బడి ఈ మూడవ భాష చేతికి వెళ్ళినవి. పిల్లవాడు తల్లి ఒడిలో విన్నది ఒక మాట, పలక మీద దిద్దినది మరొక మాట. ఈ రెండు మాటల మధ్య ఏర్పడిన ఎడమే స్కాట్లండు రచయితలకు తీరని వేదన అయినది. వారి ఉత్తమ రచనలన్నీ ఆ ఎడాన్ని పూడ్చే ప్రయత్నంలో నుండే పుట్టినవి. గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని ఎరిగిన తెలుగువారికి ఈ కథ కొత్తగా తోచదు.

రాజసభ తరలిపోయిన పిమ్మట

స్కాట్స్ భాష మొదటి నుండీ పల్లెమాటగా చిన్నచూపునకు గురి అయినది కాదు. 1375 ప్రాంతంలో జాన్ బార్బర్ తన దేశపు వీరరాజు రాబర్ట్ బ్రూస్ చరిత్రను ఆ భాషలోనే దీర్ఘకావ్యంగా రచించాడు. పదునైదవ శతాబ్దంలో రాబర్ట్ హెన్రిసన్ వెలిశాడు. ఆయన డన్‌ఫర్మ్‌లిన్ పట్టణంలో బడిపంతులుగా ఉండేవాడని ప్రసిద్ధి. ఈసపు నీతికథలను ఆయన కరుణరసం నిండిన పద్యాలుగా మలచాడు. ఆ పిమ్మట విలియం డన్‌బార్ రాజాస్థానాన్ని అలరించాడు. గావిన్ డగ్లస్ అనే మతాచార్యుడు వర్జిల్ మహాకవి లాటిన్ ఇతిహాసాన్ని 1513 నాటికి సంపూర్ణంగా స్కాట్స్‌లోనికి తెచ్చాడు. ఆ భాషలో కవిని 'మాకర్' అంటారు. చేసేవాడు, నిర్మించేవాడు అని దానికి అర్థం. మన 'కృతికర్త' అన్న మాటకు అది దూరపు చుట్టంలాగ వినిపిస్తుంది.

తరువాత మూడు దెబ్బలు తగిలినవి. 1560లో మతసంస్కరణ జరిగినప్పుడు చర్చిలోనికి వచ్చిన బైబిలు స్కాట్స్‌లో లేదు, ఇంగ్లీషులో ఉన్నది. దైవం పలికే భాష పొరుగుదేశపు భాష అయినది. 1603లో ఆరవ జేమ్సు రాజు ఇంగ్లండు సింహాసనానికి కూడ వారసుడై లండనుకు తరలిపోయాడు. ఆయనతో రాజాశ్రయమూ తరలిపోయినది. 1707లో రెండు దేశాల పార్లమెంటులు ఏకమై, ఎడింబరోలోని సభ మూతపడినది. రాజు లేడు, సభ లేదు, భాషకు గ్రంథగౌరవం లేదు.

పదునెనిమిదవ శతాబ్దపు ఎడింబరో జ్ఞానకాంతితో వెలిగిన నగరం. తత్త్వవేత్త డేవిడ్ హ్యూం, అర్థశాస్త్రజ్ఞుడు ఆడమ్ స్మిత్ ఆనాటి మేధావులే. అయితే ఆ మేధావులకే తమ మాట పట్ల సిగ్గు కలిగినది. 1752లో హ్యూం తన వ్యాసాలకు అనుబంధంగా ఒక పట్టిక ప్రకటించాడు. విద్యావంతుడు తన రచనలలో దొర్లనీయకూడని స్కాట్స్ మాటల జాబితా అది. 1761లో థామస్ షెరిడన్ అనే ఐర్లండు నటుడు ఎడింబరో వచ్చి, శుద్ధమైన ఇంగ్లీషు ఉచ్చారణను గురించి ఉపన్యాసాలు ఇస్తే, వందలాది పెద్దమనుషులు రుసుము చెల్లించి శ్రద్ధగా విన్నారు. మరుసటి సంవత్సరమే ఎడింబరో విశ్వవిద్యాలయంలో హ్యూ బ్లెయిర్‌కు అలంకార సాహిత్యశాస్త్రాల ఆచార్య పీఠం లభించినది. ఆంగ్ల సాహిత్య బోధనకు విశ్వవిద్యాలయాలలో ఏర్పడిన తొలి పీఠం అదేనని చెప్పుకొంటారు. ఇంగ్లీషు సాహిత్యాన్ని పాఠ్యవిషయంగా చేసి ప్రపంచానికి అందించిన దేశం, తన మాటను తానే తప్పుల పట్టికలో వ్రాసుకొన్నది.

నాగలి పట్టిన చేయి

సరిగా ఈ సమయంలో 1759 జనవరి 25వ తేదీన ఎయిర్‌షైరు ప్రాంతపు అల్లొవే గ్రామంలో రాబర్ట్ బర్న్స్ జన్మించాడు. తండ్రి కౌలురైతు. పేదవాడే అయినా, ఇరుగుపొరుగుల రైతులతో కలిసి చందాలు వేసుకొని, జాన్ మర్డాక్ అనే పడుచు ఉపాధ్యాయుని పిల్లలకోసం నియమించాడు. ఆ బడిలో బర్న్స్ ఇంగ్లీషు వ్యాకరణం నేర్చాడు, షేక్స్పియరును, పోపును చదివాడు. ఇంటిలో తల్లి పాడిన పాత పాటలు, ఆమె చుట్టపు ముసలమ్మ చెప్పిన దయ్యాల కథలు విన్నాడు. పగలు నాగలి దున్నాడు. ఈ మూడు విద్యలూ ఆయన కవిత్వంలో కలిసినవి.

ఆయనకు ముందు దారి చూపినవాడు రాబర్ట్ ఫెర్గుసన్. ఎడింబరో వీధుల సందడిని ఇంటిమాటలో కవిత్వం చేసిన ఆ యువకుడు మతి చెడి, ఇరువది నాలుగేళ్ళకే 1774లో పిచ్చాసుపత్రిలో కన్నుమూశాడు. గురుతు లేకుండ పడి ఉన్న ఆయన సమాధికి తరువాత శిలాఫలకం వేయించినవాడు బర్న్స్.

1786 నాటికి బర్న్స్ పరిస్థితి దయనీయం. సేద్యం గిట్టలేదు. ప్రేమవ్యవహారాలు చిక్కులు తెచ్చినవి. జమైకా దీవికి వెళ్ళి, బానిసల శ్రమతో నడిచే ఒక తోటలో గుమాస్తాగా చేరాలని నిశ్చయించుకొన్నాడు. ఆ సమయంలో కిల్మార్నాక్ పట్టణంలో ఆయన కవితల పుస్తకం అచ్చయినది. 612 ప్రతులు, ఒక్కొక్కటి మూడు షిల్లింగులు. నెల తిరిగేసరికి దాదాపు అన్నీ చెల్లిపోయినవి. జమైకా ప్రయాణం ఆగిపోయినది. ఎడింబరో పెద్దలు ఆయనను దైవమే చదువు చెప్పిన దున్నేవాడని కొనియాడారు. ఆ పొగడ్తలో కొంత అన్యాయం ఉన్నది: మర్డాక్ బడి, తండ్రి పట్టుదల, రాత్రులు దీపం వెలుగులో చదివిన పుస్తకాలు అందులో లెక్కకు రాలేదు. కొందరు హితైషులు స్కాట్స్ మాని ఇంగ్లీషులో వ్రాయుమని సలహా ఇచ్చారు. ఆయన ఇంగ్లీషులోనూ వ్రాశాడు. అవి చాల వరకు గ్రంథాలలో మిగిలినవి. స్కాట్స్‌లో వ్రాసినవి జనుల నోట మిగిలినవి.

చివరి పదేళ్ళలో బర్న్స్ చేసిన పని మరింత గొప్పది. ఊరూర వినిపించే పాత పాటల శకలాలను సేకరించి, లోపించిన చరణాలను పూరించి, సుమారు రెండు వందల పాటలు జేమ్స్ జాన్సన్ ప్రచురించిన సంపుటాలకు ఇచ్చాడు. దానికి ఆయన ప్రతిఫలం పుచ్చుకొనలేదు. ఆనాటికి ఆయన ఎక్సైజు శాఖలో చిరుద్యోగి. 1796లో 37 ఏళ్ళ వయసున మరణించాడు. కొత్త సంవత్సరపు అర్ధరాత్రి ప్రపంచమంతట పాడే 'ఆల్డ్ లాంగ్ సైన్' ఒక వృద్ధుడు పాడగా తాను వ్రాసుకొన్నానని ఆయనే చెప్పుకొన్నాడు. 1801లో ఆయన స్నేహితులు అల్లొవేలో కలిసి విందు చేసుకొని కవిని స్మరించుకొన్నారు. ఆనాటి నుండి బర్న్స్ విందు ఆచారంగా స్థిరపడినది. ఒక కవి పుట్టినరోజు ఇంటింటి పండుగ కావడం లోకంలో అరుదు.

పాటను అచ్చు వేసిన వేళ

బర్న్స్ పాటలను కూర్చితే, సర్ వాల్టర్ స్కాట్ గాథలను కూర్చాడు. 1771లో ఎడింబరోలో జన్మించిన స్కాట్ వృత్తిచేత న్యాయవాది. సరిహద్దు సీమలలో తిరిగి, వృద్ధుల నోట నిలిచిన వీరగాథలను సేకరించి 1802, 1803 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువరించాడు. ఆ గాథలను పాడి వినిపించినవారిలో మార్గరెట్ లెయిడ్లా అనే ఇల్లాలు ఉన్నది. అచ్చయిన పుస్తకం చూచి ఆమె సంతోషించలేదట. అవి పాడుకొనడానికి పుట్టినవే గాని చదువుకొనడానికి కావని, అచ్చులో పెట్టి వాటిని పాడుచేశావని స్కాటును ముఖం మీదనే మందలించినదని ఆమె కుమారుడు జేమ్స్ హాగ్ వ్రాశాడు. నోటిమాటకూ వ్రాతకూ మధ్య ఉన్న ఎడం ఒక గొర్రెలకాపరి తల్లికి పండితులకంటె స్పష్టంగా కనిపించినది.

ఈ సేకరణలో స్కాటుకు కుడిభుజమైనవాడు జాన్ లేడెన్. అతడూ గొర్రెలకాపరి కొడుకే. 1803లో వైద్యోద్యోగిగా మద్రాసు చేరాడు. అక్కడ కాలిన్ మెకంజీ నడిపిన మైసూరు సర్వేలో పనిచేశాడు. మెకంజీ స్కాట్లండు పడమటి దీవి అయిన లూయీస్‌లోని స్టోర్నోవేలో పుట్టినవాడు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహాయంతో తెలుగుదేశపు గ్రామాల కైఫీయతులను, శాసనాలను సేకరింపజేసిన దొర ఈయనే. స్కాట్లండులో స్కాట్ ముసలివారి గాథలు వ్రాసుకొంటున్న సంవత్సరాలలోనే మన కరణాల చేత ఊరి చరిత్రలు వ్రాయించే పని ఇక్కడ సాగినది. స్కాట్ పేరు ఆ తరువాత నవలల ద్వారా కూడ మనవరకు వచ్చినది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని అభిమానులు 'ఆంధ్ర స్కాట్' అని పిలుచుకొన్నారు.

1814లో 'వేవర్లీ' నవల కర్త పేరు లేకుండ వెలువడినది. చారిత్రక నవల అనే ప్రక్రియకు అది యూరపులో బాట వేసినది. ఆ పేరే తరువాత ఎడింబరో ప్రధాన రైలు స్టేషనుకు వచ్చినది. 1826లో ప్రచురణ సంస్థలు దివాలా తీయగా, 1,20,000 పౌండ్లకు మించిన అప్పు స్కాట్ నెత్తిన పడినది. ఋణదాతలకు ఐ.పి. పెట్టి తప్పించుకొనక, కలం పట్టి తీరుస్తానన్నాడు. 1832లో మరణించేవరకు ఆ మాట మీదనే నిలిచి వ్రాశాడు. మిగిలిన బాకీ ఆయన గ్రంథాల హక్కులతో తీరినది.

స్కాట్ నవలలలో ఒక విశేషం గమనించాలి. కథకుడు ఇంగ్లీషులో చెబుతాడు, పాత్రలు స్కాట్స్‌లో మాట్లాడుతారు. 1818 నాటి 'హార్ట్ ఆఫ్ మిడ్లోథియన్' నవలలో జీనీ డీన్స్ అనే పాడిరైతు కూతురు ఉన్నది. చెల్లెలికి ఉరిశిక్ష పడనున్నది. న్యాయస్థానంలో ఒక్క అబద్ధమాడితే చెల్లెలు బ్రతుకుతుంది. జీనీ ఆ అబద్ధమాడదు. దానికి బదులు ఎడింబరో నుండి లండనుకు బయలుదేరి, దారిలో ఎక్కువ భాగం కాలినడకనే సాగి, రాణి ఎదుట నిలిచి తన ఇంటి మాటలోనే చెల్లెలి ప్రాణం యాచిస్తుంది. రాణి హృదయం కరుగుతుంది. కథకుడు ఏ భాషను పెద్దదిగా ఎంచినా, నవల గుండెకాయ జీనీ పలికిన భాషలోనే ఉన్నది.

ఒక మనిషి, ఇద్దరు మనుషులు

రెండు భాషలలో బ్రతికేవాడు రెండు బ్రతుకులు బ్రతుకుతాడు. స్కాట్లండు కథాసాహిత్యంలో ఒకే మనిషి ఇద్దరుగా చీలిపోయే కథ మళ్ళీ మళ్ళీ రావడానికి ఇదీ ఒక కారణమని చెప్పిన విమర్శకులు ఉన్నారు. పైన చెప్పిన జేమ్స్ హాగ్ 1824లో వ్రాసిన నవలలో ఒక మతోన్మాది తాను దైవం ఎన్నుకొన్నవాడననే అహంతో, నీడలాగ వెంటాడే ఒక వింత స్నేహితుని ప్రేరణతో హత్యలకు దిగుతాడు. ఆ స్నేహితుడు సైతానా, అతని మనస్సేనా అన్నది పాఠకుడే తేల్చుకోవాలి.

1850లో ఎడింబరోలో పుట్టిన స్టీవెన్సనుది సముద్రంలో దీపస్తంభాలు కట్టే ఇంజనీర్ల వంశం. బాల్యంలో ఆయన పడుకొన్న గదిలో విలియం బ్రోడీ చేసిన ఒక బీరువా ఉండేది. బ్రోడీ పగలు గౌరవనీయుడైన వడ్రంగి పెద్ద, రాత్రి దొంగ. 1788లో ఉరితీయబడ్డాడు. ఆ కథ స్టీవెన్సను మనసులో నాటుకొని, 1886లో వెలువడిన 'డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్' కథకు ఒక బీజమైనది. అదే సంవత్సరం వచ్చిన 'కిడ్నాప్డ్' నవలలో పల్లపు సీమ బాలుడు, కొండసీమ వీరుడు కలిసి నడిచి, కలహించుకొని, స్నేహితులవుతారు. స్కాట్లండు రెండు సగాలను ఒకే దారిన నడిపించిన కథ అది. అనారోగ్యంతో దేశం విడిచిన స్టీవెన్సను 1894లో సమోవా దీవిలో మరణించాడు. కథలు చెప్పేవాడన్న అర్థంలో అక్కడివారు ఆయనను 'టూసిటాలా' అని పిలిచారు.

ఖాళీ అయిన పల్లెలు

ఇంతవరకు చెప్పినది స్కాట్స్, ఇంగ్లీషుల కథ. గేలిక్ కథలో దుఃఖం ఇంకా లోతైనది. 1724లో జన్మించిన డంకన్ బాన్ మెకింటైర్ చదవను వ్రాయను నేర్వని కవి. జింకలు తిరిగే కొండను వర్ణిస్తూ ఆయన ఆశువుగా అల్లిన దీర్ఘకవితను మరొకరు వ్రాసిపెట్టారు. 1768లో ఆయన కవితలు అచ్చయినవి. ఆ తరువాతి నూరేళ్ళలో భూస్వాములు గొర్రెల పెంపకం లాభసాటి అని గ్రహించి, కొండసీమలలోను, దీవులలోను తరతరాలుగా ఉన్న కౌలుదార్లను వెళ్ళగొట్టారు. ఊళ్ళు ఖాళీ అయినవి. జనం నగరాలకు, కెనడాకు, ఆస్ట్రేలియాకు వలసపోయారు. 1872 విద్యాచట్టం బడిని నిర్బంధం చేసినది గాని, గేలిక్ ఊసే ఎత్తలేదు. ఇంటి మాట బడిలో పలికినందుకు దెబ్బలు తిన్న పిల్లలు ఎందరో.

ఈ దుఃఖానికి మహాకవి సోర్లీ మెక్లీన్. 1911లో రాసే అనే చిన్న దీవిలో పుట్టాడు. 1943లో వెలువడిన ఆయన ప్రేమకవితల సంపుటితో గేలిక్ కవిత్వం ఆధునిక యుగంలో అడుగుపెట్టినది. 1954 నాటి 'హల్లెయిగ్' కవితలో, జనం తరిమివేయబడిన తన దీవి పల్లెను ఆయన చూస్తాడు. ఆ పల్లె కన్యలు ఇప్పుడు భూర్జవృక్షాల వనమై నిలిచినట్లు, మృతులందరూ ఇంకా ఆ బాటల మీద నడుస్తున్నట్లు కవి కంటికి కనిపిస్తుంది. ఈ కవి జీవిక ఏమిటి? ప్లాక్టన్ ఉన్నత పాఠశాలలో 1956 నుండి 1972 వరకు ప్రధానోపాధ్యాయుడు. గేలిక్‌ను కొత్తగా నేర్చుకొనే పిల్లలకు వేరే పరీక్ష ఉండాలని పోరాడినవారిలో ఆయన ముందున్నాడు. బడి వెళ్ళగొట్టిన భాషను బడిలోనికి తిరిగి పిలిచినవాడు బడిపంతులే.

ఇరువురు మిత్రుల కలహం

స్కాట్స్ భాషకు ఇరువదవ శతాబ్దంలో కొత్త ఊపిరి పోసినవాడు హ్యూ మెక్డయర్మిడ్ అనే కలం పేరుతో వ్రాసిన క్రిస్టఫర్ గ్రీవ్. తపాలా జవాను కుమారుడు. వేర్వేరు జిల్లాల పలుకుబళ్ళను, 1808 నాటి జేమీసన్ నిఘంటువులోని మరుగుపడిన మాటలను కలిపి ఒక కొత్త కావ్యభాషను నిర్మించాడు. 1926లో వచ్చిన ఆయన దీర్ఘకవితలో తాగినవాడొకడు వెన్నెలలో ముళ్ళపొదను చూస్తూ దేశాన్ని, విశ్వాన్ని, తననూ ప్రశ్నించుకొంటాడు. ముళ్ళపువ్వు స్కాట్లండు జాతీయ చిహ్నం. ఎవరూ మాట్లాడని మాటలు ఏరి వ్రాసేది ప్రజల భాష ఎట్లవుతుందని ఆక్షేపించినవారు ఉన్నారు. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. కాని ఆ భాషలో తత్త్వచింతన సాధ్యమేనని ఆయన ఋజువు చేశాడు.

1936లో మిత్రుడైన కవి ఎడ్విన్ మ్యూర్ ఎదురుతిరిగాడు. స్కాట్లండువాడు ఒక భాషలో అనుభూతి చెందుతాడు, మరొక భాషలో ఆలోచిస్తాడు. ఈ చీలిక ఉన్నంతవరకు సమగ్ర సాహిత్యం రాదు, కనుక ఇంగ్లీషునే స్వీకరించాలి అని ఆయన వాదం. స్నేహం చెడినది. ఆ వాదానికి సమాధానం అప్పటికే ఒక నవలలో వచ్చి ఉన్నది. 1932లో లూయీస్ గ్రాసిక్ గిబ్బన్ వ్రాసిన 'సన్‌సెట్ సాంగ్' లో క్రిస్ గుత్రీ అనే రైతుబిడ్డ చదువులో మేటి. ఆమెలో ఇద్దరు క్రిస్‌లు ఉన్నారు. ఒకతె పుస్తకాలను, ఇంగ్లీషును, పంతులమ్మ ఉద్యోగాన్ని కోరుతుంది. రెండవ ఆమె మట్టివాసనను, పొలాన్ని, ఇంటిమాటను విడువలేదు. గిబ్బన్ పాత్రల మాటకూ కథకుని మాటకూ నడుమ స్కాట్ ఉంచిన గోడను పడగొట్టాడు. కథ అంతా ఆ ఊరివారే చెబుతున్నట్లు ఇంటిమాట లయలో సాగుతుంది. ఇంగ్లీషు చదివినవారికి అర్థమవుతుంది, అయినా ఇంగ్లీషు కాదు. ఆయన 33 ఏళ్ళకే 1935లో మరణించాడు.

బడిలో పుట్టిన కవులు

మెక్లీన్ ఒక్కడే కాదు. నార్మన్ మెకేగ్ ఎడింబరోలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఇయన్ క్రిక్టన్ స్మిత్ ఓబన్ పట్టణపు ఉన్నత పాఠశాలలో ఇరువదేళ్ళకు పైగా బోధించి, గేలిక్‌లోను, ఇంగ్లీషులోను సమానంగా వ్రాశాడు. 1968లో ఆయన వ్రాసిన 'కన్సిడర్ ది లిలీస్' నవలలో ఇల్లు ఖాళీ చేయవలసివచ్చిన ఒక వృద్ధురాలు మనకు కన్నీరు తెప్పిస్తుంది. అబర్డీనులో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో సాహిత్యం బోధించిన నాన్ షెపర్డ్ కొండలలో నడిచిన అనుభవాలను చిన్న పుస్తకంగా వ్రాసి సుమారు ముప్పదేళ్ళు సొరుగులో దాచింది. 1977లో అది వెలువడినది. 2016లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండు అయిదు పౌండ్ల నోటు మీద ఆమె బొమ్మ వేసినది.

ఉపాధ్యాయులు తప్పక చదువవలసిన నవల మరొకటి ఉన్నది: మ్యూరియల్ స్పార్క్ 1961లో వెలువరించిన 'ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ'. ఎడింబరో బాలికల పాఠశాలలో ఒక పంతులమ్మ తన విద్యార్థినులను మంత్రించినట్లు వశం చేసుకొంటుంది. కళను బోధిస్తుంది, స్వేచ్ఛను బోధిస్తుంది, దానితోపాటు ముస్సోలినీ మీద తన మోజును కూడ నూరిపోస్తుంది. ఒక బాలిక ప్రాణం పోతుంది. ప్రియమైన గురువు ప్రమాదకరమైన గురువు కూడ కాగలదన్న ఎరుక ఆ చిన్న నవల మనకిచ్చే కానుక.

నేటి సాహితీ సమాజం

గిబ్బన్ పల్లెలో పడగొట్టిన గోడను జేమ్స్ కెల్మన్ గ్లాస్గో నగరపు కార్మికవాడలో పడగొట్టారు. 1994లో ఆయన నవలకు బుకర్ బహుమతి వచ్చినప్పుడు న్యాయనిర్ణేతలలో ఒకరు బహిరంగంగా నిరసన తెలిపారు. తన ప్రజల భాషకు తన గడ్డ మీద నిలిచే హక్కు ఉన్నదని కెల్మన్ సభలోనే సమాధానమిచ్చారు. ఇరువదియారు సంవత్సరాల తరువాత 2020లో అదే నగరంవాడైన డగ్లస్ స్టువర్ట్ 'షగ్గీ బెయిన్' నవలకు ఆ బహుమతి పొంది, కెల్మన్ పుస్తకం తన జీవితాన్ని మార్చినదని చెప్పారు. తన మాట గ్రంథంలో కనిపించినప్పుడు ఒక బీదబాలుడు రచయిత కాగలడని ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

1999లో స్కాట్లండు పార్లమెంటు తిరిగి కొలువుతీరినది. ప్రారంభసభలో మానవులందరూ సమానులని చాటే బర్న్స్ పాటను పాడించారు. 2004లో ఆ దేశం 'మాకర్' అన్న పాత బిరుదును పునరుద్ధరించి ఎడ్విన్ మోర్గన్‌ను జాతీయకవిగా నియమించినది. తరువాత లిజ్ లాక్‌హెడ్, జాకీ కే, కాథ్లీన్ జేమీ ఆ పదవిని అలంకరించారు. జాకీ కే నైజీరియా తండ్రికి, స్కాట్లండు తల్లికి పుట్టి గ్లాస్గో దంపతులకు పెంపుడు కూతురైన కవయిత్రి. 2024 చివర ఆ గౌరవం లూయీస్ దీవికి చెందిన గేలిక్ కవి పీటర్ మెకేకు దక్కినది. గేలిక్‌లో వ్రాసే కవి ఆ పీఠమెక్కడం అదే ప్రథమం. 2004లోనే యునెస్కో ఎడింబరోను తొలి సాహిత్య నగరంగా ప్రకటించినది. 1983లో ఆరంభమైన పుస్తకోత్సవం, 1984లో వెలసిన కవితా గ్రంథాలయం ఆ నగరానికి అలంకారాలు.

వీటన్నిటికంటె ముఖ్యమైన మార్పు బడిలో వచ్చినది. 1985లో గేలిక్ మాధ్యమంలో బోధించే ప్రాథమిక తరగతులు ఆరంభమైనవి. 2002 నుండి 'ఇచీ కూ' అనే ప్రచురణ పిల్లలకు స్కాట్స్ పుస్తకాలు అందించినది. గ్రీకు ఆచార్యుడు లోరిమర్ క్రొత్త నిబంధనను స్కాట్స్‌లోనికి అనువదించగా, ఆయన మరణానంతరం 1983లో అది వెలువడినది. సైతాను మాటలను మాత్రం ఇంగ్లీషులో పెట్టిన ఒక పాఠాంతరం దానికి అనుబంధంగా ఉన్నది. నాలుగు శతాబ్దాల బాధకు ఒక పండితుడు నవ్వుతూ తీర్చుకొన్న పగ అది. 2025లో పార్లమెంటు గేలిక్, స్కాట్స్ భాషలకు అధికారస్థాయి కల్పించే చట్టం చేసినది. 2022 జనాభా లెక్కలలో సుమారు 24 లక్షలమంది స్కాట్స్‌లో, సుమారు 1 లక్షా 30 వేలమంది గేలిక్‌లో తమకు ఎంతో కొంత పరిచయం ఉన్నదని వ్రాయించుకొన్నారు. రెండవ అంకె చిన్నది. దీవులలో పిల్లల ఆటల్లో గేలిక్ వినిపించడం తగ్గిపోతున్నదన్న దిగులు అక్కడివారికి ఉన్నది. చట్టం బడి తలుపు తెరువగలదు గాని, వంటింటిలో మాట పలికించలేదు.

తరగతిలో బర్న్స్ గీతమో, స్కాట్ నవలలోని ఒక ఘట్టమో పాఠంగా చెప్పే ఉపాధ్యాయులు ఒక్క పని చేయవచ్చు. ఆ వింత వర్ణక్రమం గల మాటలను తప్పు ఇంగ్లీషు అని దాటవేయక, గట్టిగా చదివి వినిపించాలి. హ్యూం తప్పుల పట్టికలో చేరదగిన మాటలతోనే ఒక రైతుకవి లోకమంతా పాడుకొనే పాట కూర్చాడని విద్యార్థికి చెప్పాలి. అప్పుడు వెనుక బల్లపై కూర్చొని, తన ఊరి యాస నలుగురిలో బయటపడుతుందేమోనని నోరు విప్పని పిల్లవాడు ఒకడు తల ఎత్తి చూస్తాడు. ఆ పాఠం వానికోసమే.